క్యాచ్ వెనక మాస్టారు

2024 జూన్ 29న బార్బడోస్‌లో జరిగిన టి20 ప్రపంచకప్ ఫైనల్ స్కోరుకార్డులో ఒక వరస ఉంది: మిల్లర్, క్యాచ్ సూర్యకుమార్, బౌలింగ్ హార్దిక్, 21. ఆఖరి ఓవర్లో దక్షిణాఫ్రికాకి 16 పరుగులు కావాలి. మొదటి బంతికే పడిన వికెట్ అది. మనవాళ్లు ఏడు పరుగుల తేడాతో గెలిచారు.

ఆ క్యాచ్‌ని ఒకసారి నెమ్మదిగా తిప్పి చూడండి. లాంగాఫ్‌లో ఉన్న సూర్యకుమార్ తాడు వెంబడే పరిగెత్తుకొచ్చాడు. బంతి చేతికి చిక్కింది గానీ ఒళ్లు అవతలికి తూలిపోతోంది. బంతిని పైకి వదిలాడు, తాడు దాటి అడుగేశాడు, తిరిగి లోపలికొచ్చి పట్టుకున్నాడు. బంతిని మరీ తక్కువ ఎత్తుకి వదిలితే, తిరిగొచ్చేలోపే నేలపాలవుతుంది. కాస్త వెనక్కి వదిలితే తాడు అవతల పడి సిక్సరైపోతుంది. కళ్లు బంతి మీదే ఉన్నా, తాడు ఎన్ని అడుగుల దూరంలో ఉందో కాళ్లకి తెలిసుండాలి. ఆ తెలివిడి ఫైనల్ రోజున పుట్టేది కాదు. తాడు పక్కనే బంతులు కొట్టించుకుని, పరిగెత్తి పట్టి, వదిలి, మళ్లీ పట్టి, కాళ్లకి నేర్పుకున్నదే. కొట్టేవాడు కూడా పనివాడై ఉండాలి. బంతి సరిగ్గా తాడు దగ్గరే దిగకపోతే ఆ సాధనకి అర్థం లేదు.

ఆ సాధన చేయించిన మనిషి టి. దిలీప్, భారత జట్టు ఫీల్డింగ్ కోచ్, మన హైదరాబాదీ. ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ కూడా ఆడలేదు. క్రికెట్ ఖర్చుల కోసం పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పుకున్నారు. ఆటగాడిగా పేరున్నవాళ్లకే తలుపులు తెరుచుకునే చోట, ఈయన కోచింగ్ కోర్సులు, కుర్రాళ్ల జట్లు, డెక్కన్ చార్జర్స్, జాతీయ క్రికెట్ అకాడమీ, ఇండియా ఎ అంటూ మెట్టు మెట్టుగా ఎక్కారు. 2021 జులైలో శ్రీలంక వెళ్లిన జట్టుతో ఉన్నారు. ఆ నవంబరులో ఆర్. శ్రీధర్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నారు. శ్రీధర్ మాత్రం హైదరాబాద్ తరఫున 35 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడినవారు. 2014 నుంచి 2021 దాకా మన ఫీల్డింగ్ ఆయన చేతుల్లోనే ఉంది.

ఫీల్డింగ్ అంటే మనకి మొదట్నుంచీ చిన్నచూపే. ఏలూరు కాలువ గట్టున నిలబడి చూస్తే, వేసవిలో మినుము పీకేసిన చేలల్లో గన్నవరం కుర్రాళ్లు ఆడుతుంటారు. నెర్రెలిచ్చిన నల్లరేగడి మీద బంతి ఎటు లేస్తుందో బంతికే తెలీదు. బ్యాటింగ్ కోసం కొట్టుకుంటారు, బౌలింగ్‌కి వంతులేసుకుంటారు. ఫీల్డింగ్‌కి మాత్రం చిన్నవాణ్ణి తరుముతారు. పెద్ద క్రికెట్‌లోనూ ఈ వరస మొన్నమొన్నటి దాకా పెద్దగా మారలేదు.

దిలీప్ లాంటి ఫీల్డింగ్ కోచ్‌ల పనిలో నాకు బాగా నచ్చేది, ఒక్కో చోటుకి ఒక్కో సాధన ఉండాలన్న పట్టుదల. మొదటి స్లిప్పువాడు బౌలర్ చేతి నుంచే బంతిని చూడొచ్చు. పక్కవాళ్లు బ్యాటు అంచునే కనిపెట్టుకుని ఉండాలి. షార్ట్‌లెగ్‌లో ఉన్నవాడు బంతి తగిలేదాకా లేవకూడదు, ముందే లేస్తే క్యాచ్ మోకాళ్ల కిందనుంచి పోతుంది. రాత్రి మ్యాచ్‌లో మంచుకి బంతి సబ్బుబిళ్లలా జారుతుంది కాబట్టి, తడి బంతితోనే పట్టించాలి. అందర్నీ వరసలో నిలబెట్టి నాలుగు ఎత్తు క్యాచ్‌లు కొడితే వ్యాయామం అవుతుంది గానీ సాధన అవదు.

ముఖ్య కోచ్ పక్కన ఇలా ఒక్కో పనికి ఒక్కో కోచ్‌ని పెట్టుకునే పద్ధతి బాస్కెట్‌బాల్‌లో ఇంకా ముదిరింది. ఎన్‌బీఏ బెంచీ మీద డిఫెన్స్‌కి ఒకరు, షూటింగ్‌కి ఒకరు ఉంటారు. మైకేల్ జోర్డాన్ ఆడిన షికాగో బుల్స్ ఆరు టైటిళ్లకీ ఆధారమైన ట్రయాంగిల్ అఫెన్స్ మీద 1962లోనే పుస్తకం రాసినాయన టెక్స్ వింటర్, ఆ జట్టుకి సహాయ కోచ్. పేరు మాత్రం ముఖ్య కోచ్ ఫిల్ జాక్సన్‌కి వచ్చింది.

పేరు రాకపోతే పోనీ, తిట్లు మాత్రం తిన్నగా వస్తాయి. 2024లో ముఖ్య కోచ్ ద్రావిడ్‌తో పాటు మిగతా కోచ్‌లు వెళ్లిపోయినా దిలీప్ నిలిచారు. 2025 ఏప్రిల్లో ఆయన్ని తప్పించారని వార్తలొచ్చాయి. మే నెలాఖరుకి మళ్లీ పిలిచారు. జూన్‌లో లీడ్స్ టెస్టులో యశస్వి జైస్వాల్ ఒక్కడే నాలుగు క్యాచ్‌లు వదిలాడు. ఇంగ్లండ్ 371 ఛేదించింది. అక్కడి డ్యూక్ బంతి బ్యాటు దాటాక కూడా ఊగుతుందనీ, చలికి వేళ్లు బిగుసుకుంటాయనీ ఎవరు వింటారు? ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ 19 మీద ఉండగా సిరాజ్ క్యాచ్ పట్టి తాడు తొక్కాడు. బ్రూక్ 111 కొట్టాడు. అయినా మనం ఆరు పరుగులతో గట్టెక్కాం గనక సరిపోయింది.

ఆపిన పరుగుకి స్కోరుకార్డులో గడి లేదు. ఆ లోటుని 2023 వన్డే ప్రపంచకప్‌లో దిలీప్ ఒక పతకంతో పూడ్చారు. ప్రతి మ్యాచ్ తర్వాతా డ్రెస్సింగ్ రూమ్‌లో చిన్న ఉపన్యాసం, మెచ్చుకోలు, ఆ రోజు మేటి ఫీల్డర్‌కి మెడలో పతకం. చెన్నైలో ఆస్ట్రేలియా మ్యాచ్ తర్వాత మొదటిది కోహ్లీకి దక్కింది. గెలిచినవాణ్ణి ప్రకటించడానికి ఒకరోజు మైదానంలోని పెద్ద తెర, ఇంకోరోజు సచిన్ వీడియో. చూసేవాళ్లకి ఇదో సరదా. నా లెక్కన మాత్రం ఆయన పనితనంలో ఇదే గట్టి ముక్క. ఎందుకంటే కోట్లు సంపాదించే ఆటగాళ్లు ఆ రిబ్బను ముక్క కోసం పోటీపడ్డారు. పుణెలో బంగ్లాదేశ్ మీద బ్యాక్‌వర్డ్ పాయింట్‌లో గాల్లోకి దూకి ముష్ఫికర్ క్యాచ్ అందుకున్న జడేజా, డ్రెస్సింగ్ రూమ్ వైపు తిరిగి మెడ చూపించి సైగ చేశాడు, పతకం నాదేనని. ఆ రాత్రి అతనికే ఇచ్చారు.