గ్వారానీల మాట ఎవరు చెప్పాలి?

దక్షిణ అమెరికా ఆదివాసులైన గ్వారానీల పేరు మనలో చాలామందికి తెలిసింది ‘ది మిషన్’ సినిమా వల్ల. 1986లో రోలండ్ జాఫీ తీసిన ఆ చిత్రానికి కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది. 2008లో మార్కో బెకిస్ తీసిన ‘బర్డ్‌వాచర్స్’ని చూసినవాళ్లు తక్కువ. రెండింటి గోడూ ఒక్కటే, నేల పోవడం. ఆ గోడు ఎవరి నోట వింటున్నామన్నదే తేడా.

‘ది మిషన్’ 1750 నాటి మాడ్రిడ్ ఒప్పందం చుట్టూ తిరుగుతుంది. స్పెయిన్, పోర్చుగల్ రాజులు సరిహద్దు మార్చుకోవడంతో ఉరుగ్వే నదికి తూర్పున ఉన్న ఏడు జెసూట్ (క్రైస్తవ మతగురువుల) మిషన్ల గ్వారానీలను ఊళ్లు ఖాళీ చేయమన్నారు. సినిమాలో పోప్ ప్రతినిధి ముందు గ్వారానీ పెద్ద నిలబడి మాట్లాడతాడు. అతని మాటలు మనకు అర్థమయ్యేది జెసూట్ గురువు ఫాదర్ గాబ్రియేల్ అనువదించి చెప్పాకే. పశ్చాత్తాపం, త్యాగం, ఎదురుతిరగాలా వద్దా అన్న మథనం, అన్నీ తెల్లవాళ్లవే. గ్వారానీలకు మిగిలింది పాడటం, చచ్చిపోవడం.

చరిత్ర అలా లేదు. 1753లో ఆ ఊళ్ల పెద్దలు తమ భాషలోనే బ్యూనస్ ఎయిర్స్ గవర్నరుకు ఉత్తరాలు రాశారు, కదలబోమని చెప్పారు. సెపే తియరాజు అనే గ్వారానీ నాయకుడు 1756 ఫిబ్రవరిలో పోరాడుతూ చనిపోయాడు. మూడు రోజులకే కైబొయాతేలో వెయ్యిమందికి పైగా గ్వారానీలు హతమయ్యారు. సినిమాలో సెపే లేడు. తెర మీద గ్వారానీలుగా కనిపించినవాళ్లు కూడా కొలంబియాకు చెందిన వౌనానా జాతివాళ్లు. ఎన్నియో మొర్రికోనే సంగీతం ఇప్పటికీ నన్ను కదిలిస్తుంది. కానీ ఆ సంగీతం ఈ లోటును పూడ్చలేదు.

‘బర్డ్‌వాచర్స్’లో బ్రెజిల్‌లోని మాటో గ్రోసో దో సుల్‌కు చెందిన గ్వారానీ-కైయొవాలు తమ కథను తామే నటించారు. మొదట్లోనే పర్యాటకుల పడవకు ఒడ్డున విల్లంబులతో ‘అడవి మనుషులు’ కనిపిస్తారు. పడవ వెళ్లిపోగానే వాళ్లు మామూలు బట్టలు వేసుకుని కూలి డబ్బులు తీసుకుంటారు. తర్వాత నాదియో అనే పెద్ద, కుర్రవాళ్ల ఆత్మహత్యలు చూడలేక, తనవాళ్లతో ఆదివాసులకు కేటాయించిన రిజర్వేషన్ ప్రాంతం వదిలి పూర్వీకుల నేల పక్కన గుడారాలు వేస్తాడు. ఇది మా నాన్న సాగుచేసిన భూమి అని భూస్వామి వాదిస్తే, నాదియో వంగి పిడికెడు మట్టి తీసి నోట్లో వేసుకుని నములుతాడు. అతని వాదన అంతే, అనువాదకుడి అవసరమే లేదు. భూస్వామి కూతురితో ఒక గ్వారానీ కుర్రవాడి సాన్నిహిత్యం మాత్రం అతికించినట్టుంది. అది లేకపోయినా సినిమా నిలిచేది.

ఈ రెండింట్లో ఒక్కటే చూసే తీరిక ఉంటే ‘బర్డ్‌వాచర్స్’ చూడండి. నాదియోగా నటించిన అంబ్రోసియో విల్హాల్వా నిజజీవితంలోనూ తన ఊరు గుయ్రరోకా భూమి కోసం పోరాడాడు. 2013 డిసెంబరులో అతన్ని కత్తితో పొడిచి చంపారు. 2014లో బ్రెజిల్ సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ భూమి ఆదివాసులదన్న గుర్తింపును రద్దుచేసింది. ఆ కేసును తిరిగి తెరవడానికి 2021లో అదే కోర్టు ఒప్పుకుంది.