పెంకు దింపే ముందు

మొన్న వేసవిలో మా వీధిలో ఇంకో పెంకుటిల్లు దింపారు. దింపడమంటే ఒక్కో పెంకూ చేతులు మార్చుకుని పేర్చడం కాదు, పైనుంచి ట్రాక్టరు తొట్టిలోకి విసిరెయ్యడం. మధ్యాహ్నానికల్లా ఆ తొట్టి ఊరి చివర పల్లం పూడ్చడానికి వెళ్లిపోయింది. అందులో సగానికి సగం బీట కూడా లేని పెంకులు. ఆ రోజు నుంచీ నాకు మనసు మనసులో లేదు. మా ఇంటి కప్పు సంగతి కూడా ఈ ఏడే తేల్చుకోవాలి మరి.

మాది తాతగారు కట్టించిన ఇల్లు. తాటి దూలాలు, తాటి వాసాలు, పైన బెంగుళూరు పెంకు. పేరుకు బెంగుళూరు గానీ దాని పుట్టిల్లు మంగుళూరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చునే ఆ పోకడను అంతకుముందే, 1841లో, ఫ్రాన్సులోని అల్సాస్‌లో గిలార్డొని సోదరులు కనిపెట్టారు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం ఊరివాణ్ని కాబట్టి, ఆ పోకడ కన్నడ తీరం చుట్టి మన గోదావరి ఇళ్ల మీదికెక్కిందని తలచుకుంటే నాకు ముచ్చటేస్తుంది.

అంతకుముందు ఉన్నది గూన పెంకు. కుమ్మరి సారె మీద గొట్టంలా లాగి, పచ్చి ఆరకముందే నిలువునా కోసి రెండు చేసేవాడు. దానికీ ముందు తాటాకు. వంగితే తప్ప లోపలికి పోలేనంత కిందికి చూరు దించి నేసేవారు. గోడకు ఎండ తగలదు, కప్పు కింద గాలి దూరదు. భూమికి అంతకంటే మేలైన కప్పు లేదు. కానీ ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ చాలు, వాడంతా బూడిదే. ఆ భయంతో బతికినవాళ్లను మళ్లీ తాటాకు వేసుకోమనడానికి నాకు నోరు రాదు.

పెంకు విషయం వేరు. దాని సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. పొద్దుగూకిన కాసేపటికి చల్లారుతుంది. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి మన మంచాల మీద పోస్తుంది. బరువు లెక్క వేసి చూశాను. పెంకులు చదరపు అడుక్కి 4 కిలోలు. అయిదంగుళాల స్లాబు 28 కిలోలు. ఆ స్లాబుకూ, దాన్ని మోసే స్తంభాలకూ కావాల్సింది సిమెంటు, ఇనుము. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడులో 7, 8 శాతం సిమెంటు తయారీదే. పెంకూ బట్టీలో కాలిందేగా అంటారా? నిజమే. కానీ మా పెంకు తాతగారి రోజుల్లో కాలింది. దాన్ని ఉన్నచోటే ఉంచితే ఇవాళ కొత్తగా ఒక్క పుల్ల కూడా కాల్చక్కర్లేదు.

గాలి మాటేమిటని మా ఇంట్లోవాళ్లు అడిగారు. అడగాల్సిందే. 1996 నవంబరు 6న తుపాను రాత్రి మేమంతా నడిమింట్లో ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటే, చూరు వరసల పెంకులు పైకి లేచి పగలడం వినబడింది. తుపాను గాలి కప్పు వాలు మీద పరుగెత్తేటప్పుడు పెంకును కిందికి అదమదు, పైకి పీలుస్తుంది. చూరు దగ్గరా, కొప్పు పక్కనా ఆ పీలుపు ఎక్కువ. తెల్లారి ఏరిన ముక్కల్లో ఒక సంగతి గమనించాను. పెంకు అడుగున చిన్న బెజ్జం ఉంది. తీగ దూర్చి రీపరుకు కట్టడానికే దాన్ని పెట్టారు. మా ఇంటి మీద ఒక్క పెంకుకైనా తీగ లేదు.

ఆ తర్వాత నాన్న వెనక పంచకు సిమెంటు రేకులు వేయించారు. చవగ్గా, త్వరగా అయ్యే పని అదొక్కటే. ఆ రేకుల్లో ఉండేది ఆస్‌బెస్టాస్. అది ఏ రకమైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది. మేస్త్రీ రంపంతో కోస్తుంటే ఆ దుమ్ములోనే పిల్లలం ఆడుకున్నాం. మన దేశంలో ఇప్పటికీ ఆ రేకులు అమ్ముతున్నారు. ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. ఉన్నవాటిని కోయకండి, పగలగొట్టకండి.

నా పట్టు కాస్త సడలింది 2022 జూలైలో. ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. పెంకుటింటి మీదికెక్కి కూర్చోలేం కదా. బియ్యం బస్తా, అమ్మ మందులు, దస్తావేజులు ఎదురింటి డాబా మీదికి చేర్చాం. ఆ డాబా లేకపోతే ఏమయ్యేదో! కాబట్టి స్లాబే వద్దని ఈ ఊళ్లో ఎవరూ అనకూడదు, నేనూ అనను.

చివరికి ఇలా తేల్చుకున్నాం. ముందిల్లు పెంకుతోనే ఉంటుంది. పుచ్చిన వాసాలు మార్చి, చూరు, కొప్పు వరసలు తీగతో కట్టిస్తాం. వెనక రేకుల పంచ చోట ఒక్క గదికి స్లాబు, దాని మీదికి మెట్లు. ఆ స్లాబులోనూ పాత పెంకులే. కేరళలో లారీ బేకర్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. స్లాబు అడుగు భాగంలో లాగుడు మోసేది ఇనుమే, కాంక్రీటు కాదు. అందుకని చువ్వల గళ్ల మధ్య పెంకులు జతగా బోర్లిస్తే కాంక్రీటు తగ్గుతుంది, వాటి మధ్య గాలి వేడిని ఆపుతుంది. ఇంజనీరు లెక్క కట్టకుండా మాత్రం పోయించకూడదు. మనది ఉప్పుగాలి కూడా. చువ్వ పైకి తేలితే తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుంది. పైన ఏటా మాఘంలో తెల్లసున్నం కొడతాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. తెల్లటి పూత ఎండను తిప్పికొడుతుందన్నదే దానికి మూలం. మమ్మల్ని పాలించే పుదుచ్చేరి ప్రభుత్వం కూడా అలాంటిదొకటి తెస్తే ముందు సంతోషించేది యానామే.

ఈ వేసవిలో ఇల్లు దింపబోయేవాళ్లకు ఒక మనవి. మంచి పెంకుల్ని గోతుల్లో పోయకండి. గోడవార నిలువుగా పేర్చి పెట్టండి. స్లాబు పోసుకునే పక్కింటివాళ్లకు అవి పనికొస్తాయి.