ఇంజను దించకుండా హెడ్డు విప్పే విద్య

మిస్సింగ్ కొడుతున్న టాట్రా లారీ దగ్గరికి పాతకాపు మెకానిక్ ఒక చిన్న పానాతో వెళతాడు. ఇంజను స్లోలో ఆడుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టును కాస్త వదులు చేసి, చెవి రిక్కించి, మళ్లీ బిగిస్తాడు. బాగా పనిచేసే సిలిండరుకు డీజిల్ ఆగితే ఇంజను తడబడుతుంది. ఏ నట్టు వదులు చేసినప్పుడు చప్పుడులో తేడా రాదో, ఆ సిలిండరు అప్పటికే పడుకుందన్నమాట. (ఈ పరీక్షలో చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి అది చర్మంలోకి దిగిపోతుంది.)

జబ్బు ఏ సిలిండరుదో తేలితే వైద్యం ఆ ఒక్కదానికే. మామూలు లారీలో ఇది కుదరదు. చాలా ఇంజన్లలో సిలిండర్లన్నిటికీ కలిపి ఒకటే హెడ్డు. ఒక వాల్వు కాలినా నీళ్లు వదలాలి, బరువైన హెడ్డు మొత్తం లేపాలి, గాస్కెట్ కొత్తది వేయాలి. గాలితో చల్లబడే టాట్రాలో ప్రతి సిలిండరూ విడి, దాని నెత్తిన హెడ్డూ విడి. మన బుల్లెట్ మోటారు సైకిలు ఇంజనుకు ఉన్నట్టే రెండింటికీ చుట్టూ రెక్కలు. అలాంటివాటిని ఎనిమిదో పదో పన్నెండో తెచ్చి, రెండు వరసలుగా ఒకే క్రాంకు పెట్టె మీద నిలబెట్టారనుకోండి.

ఈ ఇంజన్ల పుట్టిల్లు చెక్ దేశంలోని కోప్రివ్నిత్సె. 1942లో వచ్చిన టాట్రా 111కే పన్నెండు సిలిండర్ల గాలి చల్లదనపు డీజిల్ ఇంజను ఉంది. తర్వాతి టాట్రా 815లో ఒక్కో సిలిండరు బోరు 120 మిల్లీమీటర్లు, స్ట్రోకు 140. పన్నెండూ కలిస్తే 19 లీటర్లు. ఈ లారీతోనే చెక్ డ్రైవరు కారెల్ లోప్రైస్ డాకర్ ర్యాలీ ఆరుసార్లు గెలిచాడు. 1986 ఒప్పందంతో మన ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్ కూడా టాట్రాలు తయారు చేయడం మొదలుపెట్టింది. రిపబ్లిక్ డే కవాతులో పినాక రాకెట్లను మోసుకెళ్లేవి ఆ లారీలే.

ఇక పనిలోకి. ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి మీద నట్లు వదిలితే అల్యూమినియం హెడ్డు వంకర పోతుంది. చల్లారాక విప్పడం కాదు, కడగడం. రెక్కల మధ్య నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన పిడచలు ఉంటాయి. వాటిని అలాగే వదిలేసి హెడ్డు లేపితే, పెళ్లలు రాలి నేరుగా బోరులో పడతాయి. క్యాబిన్ ముందుకు వంచి, బ్రష్షుతో, గాలి పైపుతో శుభ్రం చేసి, విప్పిన డీజిల్ పైపుల మూతులకు గుడ్డలు కట్టాకే పెద్ద పానా బయటికి రావాలి.

తర్వాత క్రాంకును చేత్తో తిప్పి, ఆ సిలిండరు పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు చివర పైకి తెస్తారు. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, రాకర్ల మీద బరువుండదు. పుష్ రాడ్లను అట్టముక్కకు చిల్లులు పొడిచి వరసగా గుచ్చుతారు, ఎక్కడిది అక్కడికే వెళ్లాలి కాబట్టి. హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులుతారు.

అసలు గండం హెడ్డు పైకి లేచే క్షణంలో ఉంది. మసి పట్టి హెడ్డూ సిలిండరూ అతుక్కుని ఉంటాయి. బలంగా లాగితే సిలిండరు కూడా లేస్తుంది. అడుగున ఉన్న సీలు చెడుతుంది, మట్టి క్రాంకు పెట్టెలోకి జారుతుంది, ఒక పూట పని నాలుగు రోజులదవుతుంది. అందుకే ఒకరు సిలిండరును అదిమి పట్టుకుంటే, రెండోవారు చెక్క సుత్తితో హెడ్డును మెల్లగా తట్టి విడదీస్తారు. హెడ్డు తీశాక సిలిండరును బిగించి పట్టే ఏర్పాటు లేకుండా క్రాంకు తిప్పకూడదు.

బల్ల మీదికి వచ్చిన హెడ్డుకు చేసేది పాత సంగతే. వాల్వులు పేస్టుతో నూరడం, పోర్టులో కిరోసిన్ పోసి చెమ్మ దిగుతుందేమో చూడడం. రెండు వాల్వు సీట్ల మధ్య సన్నటి పగులు కనిపిస్తే మాత్రం అక్కడ ఆగాలి.

ఎందుకు పగిలిందో అడగని మెకానిక్ ఆరు నెలల్లో అదే హెడ్డు మళ్లీ విప్పుతాడు. ఎక్కువసార్లు దోషం హెడ్డుది కాదు, దాని చుట్టూ ఉండాల్సిన రేకులది. పంకా తోసే గాలిని రెక్కల సందుల్లోంచే పోయేలా మళ్లించడానికి సిలిండర్ల చుట్టూ రేకులు అమర్చి ఉంటాయి. అవి గలగలమంటున్నాయనో, మరలు పోయాయనో కొందరు తీసి పక్కన పడేస్తారు. పైగా ‘మూత లేకపోతే ఇంకా గాలి తగులుతుంది కదా’ అంటారు. జరిగేది దానికి తలకిందులు. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. రేకు లేనిచోట రెక్కల్లోకి దూరకుండా పక్కనుంచి తప్పించుకుపోతుంది, ఆ సిలిండరు ఉడికిపోతుంది. నన్నడిగితే ఈ విద్యలో హెడ్డు పని సగమే. మిగతా సగం గాలికి దారి వేయడం.

తిరిగి ఎక్కించేటప్పుడు ఇంకో సూక్ష్మం ఉంది. విడి హెడ్డుకు విడిగా కదిలే స్వేచ్ఛ కూడా ఉంటుంది. ముందే గట్టిగా బిగించేస్తే, పొగ గొట్టం కూర్చునే ముఖం పక్క హెడ్లతో ఒక గీతలోకి రాదు. అప్పుడు గొట్టం బోల్టులు లాగి లాగి జాయింటు లీకు పెడతాయి. కాబట్టి నట్లు వేలితో పట్టించి, తిన్నని ఇనుప పట్టీని ముఖాల వెంట ఆనించి సరిచూసి, ఆ తర్వాతే ఎదురెదురుగా విడతలవారీగా బిగించాలి.

టాపెట్లు సరిచేసి, రేకులన్నీ మరలతో సహా బిగించాక ఇంజను స్టార్టు చేస్తారు. నిమిషం గడవగానే మెకానిక్ చేతిని నీళ్లలో ముంచి, పొగ గొట్టం కొమ్మల మీద వరసగా చుక్కలు విదిలిస్తాడు. పడుకున్న సిలిండరు కొమ్మ మీద కూడా ఇప్పుడు చుయ్యిమంటుంది.