నిద్ర లేపే కత్తెర

మా ల్యాబులో సోమవారం కోడిగుడ్లతో మొదలయ్యేది. గుడ్లను సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్‌లో ముంచి తీసి, ఒక్కొక్కటే పగలగొట్టేదాన్ని. పచ్చసొన, తెల్లసొన కలిసేలా గిలకొట్టి, పలచని గుడ్డలో వడగట్టి, లవణాల ద్రావణం, మలకైట్ గ్రీన్ అనే రంగు కలిపి చిన్న సీసాల్లో పోసేదాన్ని. ఆ సీసాలను ఏటవాలుగా పడుకోబెట్టి 85 డిగ్రీల వేడిలో ముప్పావుగంట ఉంచితే లోపలిది లేతాకుపచ్చ రంగులో గడ్డకట్టేది. దాన్ని ఎల్‌జే మీడియం అంటాం. క్షయ సూక్ష్మజీవిని పెంచి చూడటానికి తరతరాలుగా వాడుతున్నది అదే.

శుద్ధి చేసిన కళ్లెను దానిమీద వేసి, 37 డిగ్రీల పెట్టెలో పెట్టాక ఇక చేయాల్సింది ఎదురుచూడటమే. మన పేగుల్లోని ఈ.కొలై అనుకూలమైన చోట 20 నిమిషాలకోసారి రెండవుతుంది. క్షయ సూక్ష్మజీవికి దాదాపు ఒక రోజు కావాలి. అందుకే వారం వారం తీసి చూస్తూ 8 వారాలు ఆగుతాం. పెరిగితే బొంబాయిరవ్వ పలుకులు అంటించినట్టు గరుగ్గా, లేత గోధుమరంగులో కనిపిస్తుంది. 8 వారాలైనా ఏమీ కనిపించకపోతే రిజిస్టరులో 'పెరుగుదల లేదు' అని రాస్తాం.

ఆ రెండు మాటల దగ్గరే నాకు మొదటినుంచీ చెయ్యి ఆగేది. మందులు వాడుతున్న ఓ యువకుడి కళ్లె స్లయిడు మీద ఎర్రటి సన్నపుల్లల్లా సూక్ష్మజీవులు స్పష్టంగా కనిపించాయి. అదే కళ్లె వేసిన సీసాలో మాత్రం 8 వారాలకూ ఏమీ మొలవలేదు. మా సీనియర్ గారిని అడిగితే, "మందులకు చచ్చినవై ఉంటాయమ్మా. రంగు చచ్చినదానికీ పడుతుంది, బతికినదానికీ పడుతుంది" అన్నారు. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ చచ్చినదానికీ, నిద్రపోతున్నదానికీ తేడా నా సీసా చెప్పగలదా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ ప్రశ్నకు దారి చూపిన పని 1998లో అచ్చయింది. గలీనా ముకమోలోవా, అర్సెనీ కాప్రెల్యాంట్స్, డగ్లస్ కెల్, మైకేల్ యంగ్ తదితరులు మైక్రోకోకస్ ల్యూటియస్ అనే హాని లేని సూక్ష్మజీవిని చాలాకాలం ఆకలితో ఉంచారు. అది పెరగడం మానేసింది. మామూలు పద్ధతుల్లో వేసి చూస్తే చచ్చినట్టే లెక్క. కానీ చురుగ్గా పెరుగుతున్న తోటి కణాలు ఉన్న ద్రవాన్ని వడగట్టి చేరిస్తే మళ్లీ విభజన మొదలుపెట్టింది. ఆ ద్రవంలో పనిచేస్తున్నది ఒక ప్రోటీన్ అని తేల్చి, దానికి రిససిటేషన్ ప్రమోటింగ్ ఫ్యాక్టర్ అని పేరుపెట్టారు. పొట్టిగా ఆర్పీఎఫ్. పికోమోలార్ మోతాదు, అంటే లెక్కకు అందనంత కొంచెం ఉన్నా చాలు, అది పనిచేసింది.

అదే కుటుంబానికి చెందిన ప్రోటీన్లు క్షయ సూక్ష్మజీవిలో 5 ఉన్నాయి. ఏ నుంచి ఈ దాకా వాటికి అక్షరాలు. వీటిలో ఆర్పీఎఫ్-బీ పనిచేసే భాగం ఆకారం 2005లో తేలింది. అది చూసినప్పుడు నాకు మా గుడ్లు గుర్తొచ్చాయి. ఆ ఆకారం తెల్లసొనలో ఉండే లైసోజైమ్‌ను పోలి ఉంది!

లైసోజైమ్‌ను 1922లో లోకానికి చెప్పింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్. మన కన్నీళ్లలోనూ, చీమిడిలోనూ ఉండి సూక్ష్మజీవుల గోడను తెగ్గొట్టే రక్షక ప్రోటీన్ ఇది. మొట్టమొదట ఆకారం తేలిన ఎంజైమ్ కూడా ఇదే. 1965లో లండన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఆ పని చేసింది. ఫ్లెమింగ్ దీని బలాన్ని పరీక్షించిన సూక్ష్మజీవిని ఈనాడు మైక్రోకోకస్ ల్యూటియస్ అంటున్నారు. అంటే ఏ సూక్ష్మజీవిని లైసోజైమ్ చంపుతుందని మొదట తెలిసిందో, ఆ సూక్ష్మజీవిలోనే లైసోజైమ్‌కు చుట్టమైన మేలుకొలుపు ప్రోటీన్ దొరికింది.

రెంటి పనీ కోతే. సూక్ష్మజీవి గోడ చక్కెర గొలుసులతో, వాటిని అడ్డంగా కలిపే పెప్టైడ్ ముడులతో అల్లిన వల. ఆర్పీఎఫ్ మీద ఒక గాడి ఉంటుంది. చక్కెర గొలుసు అందులో ఇముడుతుంది. గాడిలో గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంటుంది. కత్తెరకు అదే పదును. ఆ ఒక్కదాన్నీ మార్చేస్తే కోతా, నిద్ర లేపే శక్తీ బాగా తగ్గిపోతాయి. ఆర్పీఎఫ్-బీకి ఒక తోడు కూడా ఉంది. పెప్టైడ్ ముడులను కోసే రిప్-ఏ అనే మరో ప్రోటీన్‌తో జతకడుతుంది. రెండూ కలిస్తే విడివిడిగా కోసినదానికంటే ఎక్కువ తెగుతుంది. నిద్రలో బిగుసుకున్న గోడ వదులైతేనే కణం ఎదిగి రెండు కాగలదని ఒక వివరణ. తెగిపడిన ముక్కలే 'లేవచ్చు' అన్న కబురై లోపలికి చేరతాయన్నది మరొకటి. కణంపై ఉండే పీకేఎన్‌బీ అనే ప్రోటీన్ ఆ ముక్కలను గుర్తిస్తుంది కూడా.

ఒకే రకం కోత, బయటివాడు చేస్తే చావు, తానే కొలతగా చేసుకుంటే మెలకువ. ఈ 5 ప్రోటీన్లనూ తీసేసిన క్షయ సూక్ష్మజీవి ల్యాబులో మామూలుగానే పెరిగింది. నిద్రలోకి జారాక మాత్రం తనంతట లేవలేకపోయింది, ఎలుకల్లోనూ బలహీనపడింది. బతకడానికి కాదు, లేవడానికి అవి కావాలి.

నా ప్రశ్నకు జవాబు 2010లో వచ్చింది. లెస్టర్‌లో పనిచేస్తున్న ముకమోలోవా, సహచరులు క్షయ రోగుల కళ్లెను ఆర్పీఎఫ్ కలిపీ, కలపకుండానూ పెంచి చూశారు. చాలామందిలో ఆర్పీఎఫ్ తగిలితేనే లేచే సూక్ష్మజీవులే ఎక్కువ. మందులు మొదలయ్యాక మిగిలినవాటిలో వీటి వాటా మరింత పెరిగింది. నేను ఏళ్ల తరబడి రాసిన 'పెరుగుదల లేదు'లో కొన్నిటికి అర్థం 'ఇంకా లేవలేదు' అని అప్పుడు తెలిసింది. కొలిచే పని చేసేవాళ్లకు ఇదో పాఠం. కనపడనిది లేదని కాదు, మన పద్ధతికి అందలేదని.

ఈ నిద్ర ఎంతకాలమో డెన్మార్క్‌లోని ఒక కుటుంబం చూపించింది. 1961లో తండ్రికి వచ్చిన క్షయ, 33 ఏళ్ల తర్వాత కొడుకులో బయటపడింది. దాచి ఉంచిన నమూనాలను పోల్చితే రెండూ ఒకే సూక్ష్మజీవి. ప్రపంచంలో దాదాపు నాలుగోవంతు మందికి ఈ సూక్ష్మజీవి సోకిందని అంచనా. వాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది.

ఈ కత్తెర పనిచేయకుండా ఆపగలిగితే నిద్రపోయేది నిద్రలోనే ఉండిపోవచ్చు. లేదా కావాలనే లేపి మందుకు దొరికేలా చేయవచ్చు. రెండు దారుల్లోనూ శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. అంతవరకూ మన చేతిలో ఉన్నది మందుల కోర్సు. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బరువు పెరిగితే 'ఇంకెందుకు' అనిపిస్తుంది. చురుకైనవి చచ్చిపోయాయి, అంతే. మిగతా నాలుగు నెలల మాత్రలు నిద్రపోతున్నవాటి కోసం. మధ్యలో మానకండి. ఇంట్లో ఒకరికి క్షయ వస్తే మిగతావాళ్లంతా పరీక్ష చేయించుకోండి. డాక్టరు నివారణ మందు రాస్తే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా చివరి మాత్ర దాకా వాడండి.