త్రోవ యెవరి నడుగవలెను?

ఇంటర్నెట్ నియమములను వ్రాయు ఐ.ఇ.టి.ఎఫ్. అను సంఘమువారు 2018వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆర్.ఎఫ్.సి. 8484 అను పత్రమును ప్రకటించిరి. పాల్ హాఫ్‌మన్, పాట్రిక్ మెక్‌మానస్ దాని కర్తలు. యంత్రనిపుణులకై వ్రాయబడిన దైనను, అందలి విషయము ఫోను గల ప్రతి గృహమునకును సంబంధించినది గావున దానిని విమర్శింప బూనితిమి.

మనము బ్రౌజరులో నొక పత్రిక పేరు వ్రాసినచో యంత్రమున కా పేరు చాలదు. అంకెల చిరునామా కావలయును. పేరు చెప్పి చిరునామా నడుగు నేర్పాటునకు డి.ఎన్.ఎస్. అని పేరు. 1983లో పాల్ మొకపెట్రిస్ దీనిని కల్పించినప్పుడు ప్రశ్నకు ముసుగు లేదు; తపాలా కార్డువలె నది దారిలోనివారెల్లరును జదువదగినది. సాధారణముగ మనకు ఇంటర్నెట్ నిచ్చు కంపెనీయే బదులు చెప్పును. ఏ యింటివారు ఏ రోగమునకు సంబంధించిన స్థలమును, ఏ పక్షమువారి పత్రికను వెదకిరో దానికి దెలియును. ప్రభుత్వ మాజ్ఞాపించినచో అట్టి పేరే లేదని బొంకనుగలదు.

ఇట్టి బొంకును 2014 మార్చిలో టర్కీ దేశస్థు లెదుర్కొనిరి. 20వ తేదీని అచట ట్విట్టరు నిషేధింపబడెను. జనులు తమ యంత్రములలో గూగుల్‌వారి 8.8.8.8 అను చిరునామాను నిలిపి, త్రోవ యడుగవలసినవారిని మార్చుకొనిరి. తెలియనివారికై యా యంకెలను గోడలమీద రంగుతో వ్రాసిరి. ఇట్టి యంత్రరహస్య మింత త్వరితముగ వీధిగోడ కెక్కుట మే మెఱిగినంతలో నరుదు. నెల ముగియకముందే యచటి కంపెనీలు తామే గూగుల్ సర్వరులమని నటించి బదు లీయ నారంభించెను. ఏప్రిల్ 2వ తేదీని ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము, ట్విట్టరు నిషేధము భావప్రకటన స్వాతంత్ర్యమునకు భంగమని తీర్పు చెప్పెను.

దారిలో చదువుటకును, వేషము వేయుటకును 8484వ పత్రము మందు చెప్పుచున్నది. ప్రశ్నను లక్కముద్ర వేసిన జాబువలె మూసి, ఇతర వెబ్ రాకపోకలతో గలిపి పంపవలెను. బదులు చెప్పు సర్వరు తా నెవరో ఋజువు చేసికొనవలెను. టర్కీలో జరిగిన వేషధారణ దీని యెదుట నిలువదు. ఇంతవరకు కర్తలు ప్రశంసార్హులు. కాని జాబు నెవరికి బంపవలెను? సర్వరు నేర్పఱచుకొను పద్ధతి యీ నియమమునకు వెలుపలిదని ముక్తసరిగ చెప్పి దాటిపోయిరి. మా దృష్టిలో నిదియే ప్రధానలోపము. లక్కముద్ర దారిలోనివానికి మాత్రమే యడ్డు; జాబు నందుకొన్నవాడు దానిని విప్పి చదువును గదా.

వారు విడిచిన ఖాళీని బ్రౌజరు చేయువారు నింపిరి. 2020 ఫిబ్రవరిలో మొజిల్లావారు, అమెరికాలో ఫైర్‌ఫాక్స్ వాడువారి ప్రశ్నలు వా రడుగకయే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీకి బోవునట్లు చేయ నారంభించిరి. 24 గంటలలో చిట్టాను చెఱిపివేయవలెనని యా కంపెనీతో నొడంబడిక చేసికొనిరి. తెరమీద నొక తెలుపుడు చూపి, వలదన్నవారు మానుకొనవచ్చు ననిరి. వారి నిజాయతీని శంకింపము. అయినను డి.ఎన్.ఎస్. అననేమో యెఱుగని గృహస్థుడు ఆ తెలుపుడు చూచి సరే యని నొక్కినంత మాత్రమున నది సమ్మతి యగునా?

2023 నవంబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9462 యీ లోపమును కొంత పూరించినది. యంత్రము తాను వాడుచున్న సర్వరునే, నీకు ముద్రగల మార్గము కలదా యని యడిగి, ఉన్నచో దానినే యనుసరింపవచ్చును. ప్రశ్నలు వేఱొక కంపెనీకి బోవు. పిల్లలకై యింట కట్టడి చేసికొన్న తల్లిదండ్రుల కిది యుపకారమే. కాని యాజ్ఞకు లోబడి బొంకు కంపెనీ మునుపటివలెనే బొంకును. ముద్ర వేసి బొంకును.