సబ్‌స్టెన్స్ పి మీద నింద

నొప్పిని మోసే రసాయనం దొరికిందనీ, దాన్ని ఆపితే చాలు నొప్పులన్నీ మాయమౌతాయనీ ఈ వారం వాట్సాప్ గ్రూపుల్లో ఓ సందేశం తెగ తిరిగింది. ఆ రసాయనం సబ్‌స్టెన్స్ పి. కొత్తదేం కాదు. ఫాన్ ఆయిలర్, గాడమ్ అనే శాస్త్రవేత్తలు 1931లోనే గుర్రం మెదడు నుంచీ పేగుల నుంచీ తీశారు. అది 11 అమైనో ఆమ్లాల గొలుసు (పెప్టైడ్) అని తేలింది మాత్రం 1971లో. బాధకో రసాయనం, రసాయనానికో మాత్ర అనే లెక్కంటే నాకెంత చిరాకో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు.

చెయ్యి కాలితే ఆ కబురు నరం వెంట వెన్నుపాము వెనక కొమ్ముకు చేరుతుంది. అక్కడ ముందు పనిచేసేది గ్లుటమేట్ అనే రసాయనం. మిల్లీసెకన్లలో దాని పని అయిపోతుంది. దెబ్బ గట్టిదై నరం ఆగకుండా మొత్తుకుంటుంటే, అదే నరం కొసన సబ్‌స్టెన్స్ పి కూడా వెలువడుతుంది. ఇది నిదానం, కానీ ప్రభావం నిమిషాలపాటు ఉంటుంది. అవతలి కణం మీదున్న ఎన్‌కే-1 గ్రాహకాన్ని పట్టుకుని, తర్వాత వచ్చే చిన్న కబురుకే ఆ కణం ఉలిక్కిపడేలా చేస్తుంది. కాలినచోట చొక్కా తగిలినా ప్రాణం విలవిల్లాడటంలో దీని చెయ్యీ ఉంది.

అయితే ఎన్‌కే-1ను మూసేస్తే సరిపోదా? మందుల కంపెనీలు అదే చేశాయి. జంతువుల్లో ఫలించిన ఆ మందులు మనుషుల నొప్పి దగ్గర చతికిలపడ్డాయి. వాటిలో ఒకటైన అప్రెపిటాంట్‌కు 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది, కీమోథెరపీ వాంతులకు! ఇక్కడితో ఆపితే నా చిరాకే గెలిచేది. కానీ 1997లో మాంటీ అనే పరిశోధకుడి బృందం సబ్‌స్టెన్స్ పికి సాపొరిన్ అనే మొక్క విషాన్ని అంటగట్టి ఎలుకల వెన్నులోకి ఎక్కించింది. ఎన్‌కే-1 ఉన్న కణాలు దాన్ని మింగి చచ్చాయి. మామూలు నొప్పి తెలుస్తూనే ఉంది, అతిసున్నితత్వం మాత్రం బాగా తగ్గింది. ఎలుకల్లో మాత్రలూ పనిచేశాయిగా, దీన్నెందుకు నమ్మాలి అనొచ్చు. మాత్ర ఒక్క పెప్టైడ్ నోరే మూస్తుంది. గ్లుటమేట్, సీజీఆర్‌పీ వంటి ఇతర రసాయనాలు అదే కణానికి కబుర్లు చేరవేస్తూనే ఉంటాయి. ఇక్కడ ఆ కణమే లేదు. కాబట్టి సబ్‌స్టెన్స్ పిని ఉత్తరంగా చూడటం తప్పు, చిరునామాగా చూస్తే అమూల్యం. చిక్కల్లా, చచ్చిన ఆ కణాలు తిరిగి రావు. నడుం నొప్పికి ఈ విషం ఇమ్మని ఏ డాక్టరూ అనడు. ఏ మందుకూ లొంగని క్యాన్సర్ నొప్పి దగ్గరే ఆ ఆలోచనకు చోటు.