ఒక్క కొలతతో తీర్పు తగునా?

వరంగల్లు కాకతీయ వైద్య కళాశాల 1959లో వెలసినది. అచటనేగాక ఏ వైద్య కళాశాలలోనైనను విద్యార్థులు తొలినాళ్లలోనే నేర్చు పని రక్తపుపోటును కొలుచుట. 1896లో రివా-రొచ్చి చేతిపట్టీని, 1905లో కొరొట్కాఫ్ ధమనిచప్పుళ్లు వినెడి పద్ధతిని ప్రసాదించిరి. పద్ధతి మంచిదే, లోపము దానిని వాడుటలో నున్నది.

పల్లెనుండి వచ్చి, వరంగల్లులో బస్సు దిగి, ఎండలో నడచి, వరుసలో నిలిచిన రైతుకు వెంటనే పట్టీ కట్టినచో 150/95 కనిపించవచ్చును. అది వ్యాధియా, అలసటయా, వైద్యుని చూచిన బెదురా? ఒక్క అంకె చెప్పజాలదు. వైద్యునియెదుట మాత్రమే పెరుగు పోటుకు ‘తెల్లకోటు పోటు’ అని పేరు. వైద్యునియెదుట సరిగానుండి, ఇంటిలోను పనిలోను పెరుగునది ‘ముసుగు పోటు’. మొదటివానికి అక్కరలేని మాత్రలు, పొలములో కళ్లు తిరుగుట. రెండవవానికి తెలియకయే పక్షవాతము వచ్చు ప్రమాదము.

ఈ చిక్కును విడదీయునది 24 గంటల పరీక్ష. నడుమునకు కట్టిన చిన్న యంత్రము పగలు 20 లేక 30 నిమిషములకు, రాత్రి 30 నిమిషములకు ఒకసారి తానుగా పట్టీని ఉబ్బించి కొలత వ్రాసికొనును. 1962లో అమెరికాలో హిన్మన్, ఆయన సహచరులు రూపొందించిన యంత్రమున రోగియే పట్టీకి గాలి కొట్టుకొనవలసి యుండెను. ఆసుపత్రి కొలతలో 140/90 హద్దుకాగా, ఈ పరీక్షలో పగటి సగటుకు 135/85, రాత్రి సగటుకు 120/70 హద్దులు. నిద్రలో పోటు కనీసము నూటికి పదివంతులు తగ్గవలెను: పగలు పై అంకె 140 అయినచో రాత్రి 126కు దిగవలెను. ఇట్లు దిగనివారికి గుండెజబ్బు, పక్షవాతముల ముప్పు హెచ్చు. రాత్రి సంగతి పగటి ఆసుపత్రికి తెలియు దారి లేదు.

అట్లని యంత్రమును పొగడుటయే విమర్శ కాదు. అది ఖరీదైనది, రాత్రి బిగిసి కొందరికి నిద్ర చెరుపును, బిగిసినపుడు చేయి కదలినచో కొలత చెడును. బ్రిటనులో 2011 నుండి వ్యాధి నిర్ధారణకు దీనిని ముందుంచిరి. దొరకనిచోట ఇంటిలో కొన్నాళ్లు ఉదయము, సాయంత్రము కొలుచుకొనుట మేలు. పోటు 180/120 చేరినచో మాత్రము ఏ పరీక్షకును వేచియుండక వైద్యుని చూడవలెను. మందు వాడువారు తమంత తాము మానరాదు.

యంత్రము లేకున్నను ఐదు నిమిషముల విశ్రాంతి, వీపునకు ఆనిక, గుండెయెత్తున చేయి, మాటలాడకుండుట, రెండవసారి కొలుచుట — వీనికి ఖర్చు లేదు. ఇవి లేనిచోట ఎంత గొప్ప యంత్రము వచ్చినను ప్రయోజనము స్వల్పము.